కాలయంత్రం ఏ ఒడ్డున దిగింది: సరిహద్దు ఊళ్లలో ‘ఆదిత్య 369’ తొలిసారి చూస్తే

కాలయంత్రం 1526లో దిగుతుంది. తెర మీద విజయనగరం, కృష్ణదేవరాయల కొలువు. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న రాయగడలో టీవీ ముందు కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి పక్కనున్న తాతయ్యను అడుగుతుంది: “తాతయ్యా, మన గజపతి మీద యుద్ధం చేసింది ఈయనేనా?”

ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. తాతయ్యకు తెరమీది రాజు ‘మన రాయలు’. మనవరాలికి ఆ రాజు చేతిలో ఓడిన ఒడిశా రాజు ప్రతాపరుద్రుడు ‘మన గజపతి’. ఇలాంటి ఇల్లు రాయగడలోనే కాదు, గుణుపురంలో, పర్లాకిమిడిలో, బరంపురంలో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఈ సినిమా తొలిసారి చూసే పిల్లలకు ఆ ప్రశ్న తోచదు. సరిహద్దులో ఉన్నవాళ్లకు అది వెంటనే తోస్తుంది. అందుకే ఈ సినిమాను ఇప్పుడు ఇక్కడ తొలిసారి చూడటం గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. తెలుగులో కాలప్రయాణం మీద వచ్చిన సినిమాల్లో ఇప్పటికీ మొదట గుర్తొచ్చే పేరు ఇదే. 2025 ఏప్రిల్ 4న దీన్ని 4కె ప్రతిగా శుభ్రం చేసి మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. ఒక తరం మొత్తం దీన్ని అప్పుడే మొదటిసారి చూసింది. ఆ తరానికి కాలప్రయాణమూ దూర భవిష్యత్తూ కొత్త కాదు. 2022లో ‘బింబిసార’, ‘ఒకే ఒక జీవితం’ చూసింది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ చూసింది. అంటే మనవళ్లను ముందు చూసి, తాతను తర్వాత చూసినట్టు. తాత ముక్కు మనవడి పోలిక అనిపిస్తుంది. తొలిసారి చూసేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. మూలం దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లకు అది అనుకరణలా కనబడుతుంది.

కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ప్రొఫెసర్ రాందాస్ కాలయంత్రం తయారుచేస్తాడు. సాలార్ జంగ్ మ్యూజియంలో కృష్ణదేవరాయల కాలం నాటి వజ్రం దొంగతనం జరుగుతుండగా ఒక కుర్రవాడు చూస్తాడు. దొంగలు వాడి వెంటపడతారు. కృష్ణకుమార్ అనే యువకుడు వాడిని కాపాడతాడు. ప్రొఫెసర్ కూతురు హేమతో కలిసి కృష్ణకుమార్ కాలయంత్రంలో 1526కు, అక్కడి నుంచి 2504కు వెళ్తాడు. నందమూరి బాలకృష్ణ ఇందులో కృష్ణకుమార్, కృష్ణదేవరాయలు రెండూ తానే. పురావస్తువుల పిచ్చి పట్టిన ప్రతినాయకుడిగా అమ్రీష్ పురి, ప్రొఫెసర్‌గా టిన్ను ఆనంద్, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, ఆస్థాన నర్తకిగా సిల్క్ స్మిత. సంగీతం ఇళయరాజా, మాటలు జంధ్యాల.

ఇలా సినిమాలో మూడు కాలాలున్నాయి: 1526, 1991, 2504. వీటిలో ఏది పాతబడింది? చాలామంది భవిష్యత్తు పాతబడిందని అంటారు. అట్టలతో, మెరిసే దీపాలతో కట్టిన భవిష్యత్తు ఇప్పటి కళ్లకు ఆనదన్నది వాళ్ల మాట. ఆ అభిప్రాయం సరైనది కాదు. 1526 విడుదల నాటికే గతం, ఇప్పుడూ గతమే. అది చెక్కుచెదరలేదు. 2504 ఇంకా రాలేదు. అది తప్పో ఒప్పో తేల్చేవాళ్లు ఇంకా పుట్టలేదు. నిజంగా ఎక్కడికో వెళ్లిపోయింది 1991. అప్పుడు ప్రేక్షకుడు కూర్చున్న కుర్చీయే ఇప్పుడు గతంలో ఉంది. తీసినవాళ్లు కట్టని సెట్టు, రాయని మాట ఇప్పుడు సినిమాలో అన్నిటికన్నా ఆసక్తికరంగా మారాయి.

రాయగడ అమ్మాయి అడిగే రెండో ప్రశ్నలో ఇది బయటపడుతుంది. మ్యూజియంలో కుర్రవాడు దొంగలను చూస్తున్నాడు. “వీడియో తీయొచ్చుగా?” తాతయ్య నవ్వుతారు. ఆ కుర్రవాడి చేతిలో ఏమీ లేదు. చూసింది చూసినట్టు మనసులో పెట్టుకుని, పరుగెత్తి, ఎవరికైనా చెప్పి, నమ్మించాలి. కథ మొత్తం ఆ ఒక్క నిస్సహాయత మీద నిలబడి ఉంది. భారతదేశంలో మొదటి మొబైల్ ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. సినిమా విడుదలైన నాలుగేళ్లకు కథకు మూలమైన ఇబ్బంది మాయం కావడం మొదలైంది. యంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ ఇంట్లో కూడా బల్ల మీద తీగ ఉన్న ఫోనే ఉండే రోజులవి. వెయ్యేళ్ల అవతలికి వెళ్లగల యంత్రాన్ని ఊహించినవాళ్లు జేబులో పట్టే ఫోనును ఊహించలేదు. అది వాళ్ల లోపం కాదు. సైన్స్ ఫిక్షన్ ఎప్పుడూ పెద్ద తలుపు తెరుస్తుంది, చిన్న తలుపులు కాలం తెరుస్తుంది.

1991 జులై మామూలు నెల కాదు. సినిమా విడుదలైన ఆరు రోజులకు, జులై 24న, మన్మోహన్ సింగ్ పార్లమెంటులో ప్రవేశపెట్టిన బడ్జెట్టుతో దేశ ఆర్థిక వ్యవస్థ దారి మళ్లింది. ప్రధానిగా పి.వి.నరసింహారావు బాధ్యతలు తీసుకుని అప్పటికి నెల దాటింది. ఆయన 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురం నుంచి కూడా లోక్‌సభకు గెలిచి, బరంపురం స్థానాన్నే ఉంచుకున్నారు. తెలుగు ప్రధాని ఒడిశా సరిహద్దు నియోజకవర్గానికి ప్రతినిధి అయ్యారన్న సంగతి బరంపురం పెద్దలకు బాగా గుర్తు. కృష్ణకుమార్ తిరిగే హైదరాబాదు వీధులను ఇప్పుడు చూస్తే ఆ మలుపుకు సరిగ్గా ముందు రోజులు కనిపిస్తాయి. రోడ్డు మీద వాహనాలు తక్కువ, బోర్డులు చేతితో రాసినవి, ఇళ్ల మధ్య ఖాళీ ఎక్కువ. పైగా అది 1591లో కట్టిన హైదరాబాదుకు నాలుగు వందల ఏళ్లు నిండిన సంవత్సరం. యంత్రం 1526కు వెళ్లిందంటే ఇంకా పుట్టని నగరం నుంచి బయలుదేరినట్టే.

తెర మీద కనిపించే మనుషులు కూడా వెళ్లిపోయారు. సిల్క్ స్మిత 1996లో, జంధ్యాల 2001లో, అమ్రీష్ పురి 2005లో, చంద్రమోహన్ 2023లో కన్నుమూశారు. పాటలు పాడి, సినిమా తీయడానికి వెన్నుదన్నుగా నిలిచిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020లో పోయారు. తాతయ్య ప్రతి ముఖం రాగానే పేరు చెబుతారు, పక్కనే “ఈయన లేరు” అంటారు. మనవరాలికి అవి కేవలం పాత్రలు. ఆయనకు పరిచయస్తులు. ఒకే సినిమా ఒకరికి కొత్త కథ, ఇంకొకరికి జ్ఞాపకాల పెట్టె.

భవిష్యత్తు సంగతికి వద్దాం. 2504లో భూమి మీద అణుయుద్ధం జరిగిపోయి, మనుషులు నేలకింద బతుకుతుంటారు. ఈ ఊహకు రెండు వేర్లున్నాయి. ఒకటి సాహిత్యంలో ఉంది. 1895లో హెచ్.జి.వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’లో యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్లి, నేలమీద ఒక జాతి, నేలకింద ఇంకో జాతి బతకడం చూస్తాడు. పనివాళ్లను కిందికి తోసేసిన ఇంగ్లండు సమాజం మీద వెల్స్ ఆగ్రహం ఆ కథలో ఉంది. తెలుగు సినిమా నేలకింది జీవితాన్ని తీసుకుంది గానీ ఆ వర్గ కోపాన్ని తీసుకోలేదు. దాని స్థానంలో బాంబు భయాన్ని పెట్టింది.

ఆ భయం రెండో వేరు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. అమెరికా, సోవియట్ యూనియన్ నలభై ఏళ్లకు పైగా ఒకదానికెదురుగా ఇంకొకటి అణ్వాయుధాలు పేర్చుకున్నాయి. సినిమా విడుదలైన పదమూడు రోజులకు, 1991 జులై 31న, జార్జి బుష్, గోర్బచేవ్ మాస్కోలో అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అంటే సినిమా భయపడిన కారణం దాని శతదినోత్సవాల కాలంలోనే కరిగిపోతోంది. అందువల్ల 2504 దృశ్యాలు ఇప్పుడు బోలుగా అనిపించవచ్చు. కానీ అణ్వాయుధాలు పోలేదు, వాటి గురించి రోజూ మాట్లాడుకోవడం పోయింది. ఆ తేడా తెలిసి చూస్తే ఆ దృశ్యాలు మళ్లీ బరువెక్కుతాయి.

రాయగడ అమ్మాయికి లోకం అంతం కావడమంటే గుర్తొచ్చేది బాంబు కాదు. గాలి, వాన. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి గంజాం జిల్లాను కుదిపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసి, గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడేలా కురిసింది. ఇటు శ్రీకాకుళం, అటు గజపతి, రాయగడ, అన్నీ ఒకే గాలికి ఊగాయి. ఈ పిల్లలకు నేలకింద దాక్కోవడం అర్థం కాని సంగతి. నీళ్లు వచ్చినప్పుడు ఎత్తుకు వెళ్లాలి గాని లోతుకు కాదు. ఒక తరం ఊహించిన విపత్తును ఇంకో తరం తన విపత్తుతో పోల్చి చూసుకుంటుంది. పాత సైన్స్ ఫిక్షన్‌ను తొలిసారి చూడటంలో ఉన్న అసలు పని ఇదే. జోస్యం నిజమైందా లేదా అని లెక్క వేయడం చిన్న పని.

కొత్త ప్రేక్షకులు ఎక్కువగా తడబడేది సాంకేతికత దగ్గర. ఈ సినిమా విడుదలైన నెలలోనే, 1991 జులై 3న, అమెరికాలో ‘టెర్మినేటర్ 2’ విడుదలైంది. కరిగిన లోహంలా రూపం మార్చుకునే మనిషిని కంప్యూటర్ సాయంతో సృష్టించిన సినిమా అది. పదిహేను రోజుల తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాల మధ్య డబ్బులోనూ పనిముట్లలోనూ ఉన్న దూరం ఎంతో చెప్పనక్కర్లేదు. ‘ఆదిత్య 369’ చేతిపని. చెక్క, లోహం, పొగ, దీపాలు, అద్దాలు, కెమెరా లోపలే చేసుకున్న మాయలు. సింగీతం ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారో గుర్తుంచుకుంటే చూపు మారుతుంది. ఆయన ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారు. 1957లో గిన్నెల్లోంచి లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి దూరిన మాయకు, 1991లో కాలంలోకి దూకిన యంత్రానికి తల్లి ఒకటే. పౌరాణికాల్లో తెలుగు ప్రేక్షకుడు అంతర్ధానాలను, ఆకాశగమనాలను ఎన్నడూ ‘నిజంలా లేదు’ అని అడ్డగించలేదు. కథ పట్టుకుంటే చాలనుకున్నాడు. అదే ఓర్పు ఈ సినిమాకూ కావాలి.

ముగ్గురు ఛాయాగ్రాహకులు దీనికి పనిచేశారు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. మూడు కాలాల రంగులను, వెలుగును గమనిస్తూ చూడటం మంచి అభ్యాసం. శుభ్రపరచిన ప్రతిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. పాత వీడియో క్యాసెట్టులోనూ కేబుల్ టీవీలోనూ చూసినవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. ఈ ఒక్క విషయంలో తొలిసారి ఇప్పుడు చూసేవాళ్లే అదృష్టవంతులు.

ఇక విజ్ఞానం. కాలయంత్రం సాధ్యమా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఈ ప్రశ్నకు సగం జవాబు అవును. సినిమా విడుదలైన రోజున సెర్గేయ్ క్రికలేవ్ అనే సోవియట్ వ్యోమగామి మీర్ అంతరిక్ష కేంద్రంలో భూమి చుట్టూ తిరుగుతున్నాడు. 1991 మే 18న బయలుదేరినప్పుడు అయిదు నెలల్లో తిరిగి రావాలి. కింద దేశం కుప్పకూలుతుండటంతో పైన ఉండిపోయాడు. 311 రోజుల తర్వాత 1992 మార్చి 25న దిగాడు. వెళ్లేటప్పుడు సోవియట్ పౌరుడు. వచ్చేసరికి ఆ దేశం లేదు. పుట్టిన ఊరు లెనిన్‌గ్రాడ్ పేరు కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా మారింది. దిగిన నేల కజకిస్తాన్ అనే వేరే దేశం. అంత వేగంతో తిరిగేవాళ్లకు కాలం కాస్త నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. క్రికలేవ్ తన ఆరు ప్రయాణాల్లో మొత్తం 803 రోజులు పైన గడిపి, మనకంటే సెకనులో సుమారు యాభయ్యో వంతు భవిష్యత్తులోకి జరిగాడు. భవిష్యత్తులోకి వెళ్లడం అసాధ్యం కాదు, మెల్లగా జరుగుతుంది, అంతే. ఫోనులో దారి చూపే ఉపగ్రహాల గడియారాలు కూడా నేలమీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయి. దాన్ని సరిచేయకపోతే రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లే కారుకు దారి తప్పుతుంది.

గతంలోకి వెళ్లడం వేరు. దానికి తెలిసిన మార్గం లేదు. వెళ్లగలిగినా ఇంకో ఇబ్బంది ఉంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అదే చోట ఉండి గంట వెనక్కి వెళ్లిన యంత్రం లక్ష కిలోమీటర్ల అవతల శూన్యంలో తేలుతుంది. హైదరాబాదులో ఎక్కి విజయనగరంలో దిగడానికి యంత్రానికి కాలంతో పాటు చోటు కూడా తెలియాలి. సినిమా దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకోనవసరమూ లేదు.

కానీ క్రికలేవ్ కథలో సరిహద్దు జనానికి వెంటనే తగిలే సంగతి ఒకటుంది. కదలకుండా ఉన్నా దేశం మారిపోవడం. 1936 మార్చి 31 రాత్రి బరంపురంలో, పర్లాకిమిడిలో, కోరాపుట్‌లో జనం మద్రాసు ప్రెసిడెన్సీలో నిద్రపోయారు. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో నిద్రలేచారు. ఇల్లు అదే, బావి అదే, వీధి చివర గుడి అదే. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పట్టణం అటు వెళ్లింది, టెక్కలి వైపు ఊళ్లు ఇటు ఉండిపోయాయి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న కుటుంబాలకు పెళ్లి సంబంధాలు రాష్ట్రాంతర వ్యవహారాలయ్యాయి. ఆ తరువాతి తరాల పిల్లలు వేరే పలక పట్టారు. కాలయంత్రం ఎక్కకుండానే జరిగిన ప్రయాణమది.

అందుకే సినిమాలో భాష గురించి ఇక్కడివాళ్లు ఎక్కువగా ఆలోచిస్తారు. జంధ్యాల రాసిన 1991 తెలుగు మనవరాలికి తేలికగా అందుతుంది, ఎందుకంటే అది ఇంటి తెలుగుకు దగ్గర. తెర మీద పేర్లు మాత్రం చదవలేదు. ఆమెకు తెలుగు లిపి రాదు, ఒడియా గుండ్రటి అక్షరాలే వచ్చు. 1526 ఘట్టాల్లో గ్రాంథికపు పలుకులు వచ్చేసరికి తాతయ్య అనువాదకుడవుతారు. ఒకే భాషలో అనువాదం! ఇక్కడ పర్లాకిమిడి గుర్తు రాకుండా ఉండదు. గ్రాంథికం బడి భాషగా ఉండకూడదని, మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ఊళ్లోనే బడిలో పాఠాలు చెప్పారు. అక్కడి నుంచే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఊరు ఇప్పుడు తెలుగు రాష్ట్రంలో లేదు. వాడుక తెలుగు కోసం పోరాటం నడిచిన నేల మీద తెలుగు పిల్లలు తెలుగు అక్షరాలు చదవలేకపోవడం చిన్న బాధ కాదు. ఈ వ్యాసం చెప్పగలిగిన వాటిలో మనసుకు అన్నిటికన్నా దగ్గరి విషయం ఇదే.

‘జాణవులే నెరజాణవులే’ పాట దగ్గర మాత్రం అనువాదం అవసరం లేదు. అందులో జిక్కి గొంతు ఉంది. 1940ల నుంచి పాడుతున్న గొంతును 1991లో రాయల కొలువు కోసం ఇళయరాజా పిలిపించారు. బాలసుబ్రహ్మణ్యం, శైలజల గొంతుల మధ్య ఆ పాత గొంతు వచ్చినప్పుడు కాలం నిజంగానే వెనక్కి నడుస్తుంది. సినిమాలో అసలైన కాలయంత్రం ఏదంటే చాలామంది సంగీతప్రియులు ఈ పాటనే చూపిస్తారు. ఆ మాటలో నిజముంది.

మళ్లీ మొదటి ప్రశ్న. మన గజపతి మీద యుద్ధం చేసింది ఈయనేనా? అవును. 1509లో రాజ్యానికి వచ్చిన కృష్ణదేవరాయలు 1513లో గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి, నెలల తరబడి పోరాడి గెలిచారు. 1515లో కొండవీడు. ఆపై కృష్ణ దాటి రాజమహేంద్రవరం, సింహాచలం, విశాఖ ప్రాంతంలోని పొట్నూరులో జయస్తంభం. ‘ఆముక్తమాల్యద’ పుట్టింది ఈ దండయాత్ర మధ్యలోనే. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమన్నాడని రాయలే చెప్పుకున్నారు. ‘తెలుగదేల యన్న దేశంబు తెలుగేను’ అనే పద్యం తెలుగు పిల్లలందరికీ వచ్చు. అది కళింగ దండయాత్ర దారిలో వచ్చిన కల అని మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది.

ఒడియా బడిలో పిల్లలు విన్న కథ వేరు. అందులో గజపతి పురుషోత్తమ దేవుడు కంచి మీదికి దండెత్తుతాడు. జగన్నాథుడు, బలభద్రుడు ఒకరు నల్ల గుర్రం, ఇంకొకరు తెల్ల గుర్రం ఎక్కి ముందు వెళ్తారు. దారిలో మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి, డబ్బుకు బదులు ఉంగరం ఇస్తారు. వెనక వచ్చిన రాజుకు ఆమె ఆ ఉంగరం చూపిస్తుంది. ఆ కథలో గెలుపు గజపతిది, దక్షిణాది రాజు ఓడినవాడు. తెలుగు తెర మీద గజపతి వేరేగా కనిపించాడు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో గజపతి కుట్ర పన్నేవాడు. ఆయన కూతురు అన్నపూర్ణ మాత్రం పెళ్లాడిన రాయల పక్షాన నిలుస్తుంది. అందులో రాయలు ఎన్టీఆర్. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కిరీటం ఆయన కొడుకు తలకెక్కింది. తాతయ్య తరం రాయలను చూసింది ఈ వరుసలో. ‘ఆదిత్య 369’ కథకు గజపతితో పనిలేదు. దాని రాయలు కళాపోషకుడు, న్యాయమూర్తి, అందగాడు. చరిత్రలో తెనాలి రామకృష్ణుడు రాయల కాలంవాడేనా అన్నది పండితుల మధ్య తేలని చర్చ. సినిమా జనశ్రుతినే నమ్ముకుంది. జనం మనసులో ఉన్న 1526కే యంత్రం వెళ్లింది. అది తప్పు కాదు, కానీ ఎవరి మనసులో ఉన్న 1526 అన్నది అడగాల్సిన ప్రశ్న.

సినిమా కథ ఒక పురావస్తువు చుట్టూ తిరగడం ఇక్కడ కలిసొస్తుంది. ఉదయగిరి గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తనతో తీసుకెళ్లి, హంపీలో కృష్ణాలయం కట్టి ప్రతిష్ఠించారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆ నగరం పాడుబడింది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దుర్గం నుంచి గుడికి, గుడి నుంచి అద్దాల పెట్టెకు. తెరమీద అమ్రీష్ పురి దొంగిలించే వజ్రం కల్పితం. ఈ విగ్రహం ప్రయాణం నిజం. గెలిచిన రాజు తెచ్చుకుంటే భక్తి, దుండగుడు ఎత్తుకుపోతే దొంగతనం. ఓడినవాళ్ల వైపు నుంచి చూసే పిల్ల ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందని అడిగితే, ఆ ప్రశ్నను పక్కన పెట్టకూడదు.

సినిమా అయ్యాక ఆమె ఇంకో మాట అడుగుతుంది. “యంత్రం హంపీలో కాకుండా మన ఊళ్లో దిగి ఉంటే?”

1526 నాటికి యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. ప్రతాపరుద్రుడు కూతురినిచ్చి సంధి చేసుకున్నాడు. కృష్ణకు ఉత్తరాన గెలిచిన సీమలను రాయలు తిరిగి ఇచ్చేశారు. కాబట్టి 1526లో రాయగడ చుట్టుపక్కల కొండలే కాదు, సింహాచలం, రాజమహేంద్రవరం కూడా గజపతి ఏలుబడిలోనే ఉన్నాయి. పూరీలో వైష్ణవ గురువు చైతన్యుడు ఇంకా ఉన్నాడు, గజపతి ఆయన భక్తుడు. అంతకు కొన్నేళ్ల ముందు రాజమహేంద్రవరాన్ని గజపతి తరఫున ఏలిన రామానంద రాయలు గోదావరి ఒడ్డున ఆ చైతన్యుడినే కలుసుకుని భక్తి గురించి మాట్లాడాడు. అంటే కృష్ణకుమార్ ఇక్కడ దిగి ఉంటే వీధిలో తెలుగు వినిపించేది, రాజు మాత్రం ఒడియావాడు. ఆ సంగతి తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. రాయగడలో విశాఖ రైలెక్కి, విజయనగరం, కొత్తవలస దాటి సింహాచలంలో దిగితే చాలు. అప్పన్న గుడి గోడల మీద, స్తంభాల మీద తెలుగు శాసనాల మధ్య ఒడియా శాసనాలూ ఉన్నాయి. రాయలు వేయించినదీ ఉంది, గజపతులు వేయించినవీ ఉన్నాయి. లిపి పాతది కాబట్టి ఇద్దరూ తడుముకోవాల్సిందే. తాతయ్య ఒక రాయి ముందు, మనవరాలు పక్క రాయి ముందు.